నడిచే చాప

మంచువాలు మీద పిల్లల్ని ఆడించడానికి బయల్దేరే తల్లిదండ్రులు బట్టల సంగతి మాత్రం క్షుణ్ణంగా చదువుకుని వెళ్తారు. ఒంటికి ఆనేది ఉన్ని, దానిమీద ఫ్లీసు, ఆపైన తడి దిగని కోటూ ప్యాంటూ. నూలుబట్ట వద్దు, చెమట పీల్చుకుని ఓ పట్టాన ఆరదు. మేజోళ్లు ఒక్క జతే. చలి కదా అని రెండు తొడిగితే బూటు బిగిసి, రక్తం ఆడక, వేళ్లు ఇంకా గడ్డకడతాయి. ప్యాంటు లోపలి సాగే అంచుని బూటు పైకి లాగాలి. బూటులోకి దోపితే మంచుకి గరాటు పెట్టినట్టే. ఇంతా అయ్యాక "నాన్నా, ఒంటికి" అంటాడు పిల్లాడు. అది అందరికీ తెలిసిన బాధే, వదిలేద్దాం.

తెలియనిది నడిచే చాప.

మ్యాజిక్ కార్పెట్ అంటారు దాన్ని. పేరు చూసి మోసపోకండి, ఒట్టి రబ్బరు బెల్టు. స్కీయింగ్ నేర్చుకునే బుడతల్నీ, మంచు మీద కూర్చుని జారే స్లెడ్లు చంకన పెట్టుకున్న నాన్నల్నీ నిలబెట్టి వాలు పైకి మోస్తుంది, మనిషి నడక కన్నా నింపాదిగా. పైచివర బెల్టు రోలరు చుట్టూ తిరిగి కిందికి మళ్లిపోతుంది. ఆ సందు దగ్గరో రేకు తలుపు. ఏదైనా ఇరుక్కుని ఆ రేకు కాస్త కదిలిందా, బెల్టు మొత్తం ఠక్కున ఆగుతుంది. ఆపరేటరు వచ్చి, సందు చూసి, రేకు సర్ది, రీసెట్ చేస్తేగానీ మళ్లీ కదలదు. ఆ సందు ప్రమాదం, అందుకే ఆ ఏర్పాటు. ఎవరూ తప్పు పట్టడం లేదు.

ఇక మిటెన్లు. చిన్నపిల్లలకి అయిదువేళ్ల గ్లౌజుల కన్నా ఇవే నయం, నాలుగు వేళ్లూ ఉమ్మడి కాపురం చేసి ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి. పారేసుకోకుండా రెంటినీ తాడుతో కలిపి కోటు చేతుల్లోంచి తీస్తారు. ఆ తాడు జానెడు పొడుగు ఎక్కువుంచిన తెలివైన తండ్రి ఎవరన్నది అప్రస్తుతం.

బెల్టు సగం దూరం వచ్చేసరికి నాలుగేళ్లవాడికి మంచు తినాలనిపిస్తుంది. మిటెన్ ఊడబీకుతాడు. అది తాడుకి వేలాడుతుంది. వాడు చతికిలబడతాడు, నిలబడటం తమలాంటివాళ్లకి కాదన్నట్టు. మిటెన్ బెల్టు మీద పడుకుని, వాడికన్నా ముందు, ఎంతో క్రమశిక్షణతో, ఆ సందు వైపు ప్రయాణిస్తుంది. తండ్రి చూస్తాడు. వంగుదామంటే చంకలో స్లెడ్, తొడలదాకా దళసరి ప్యాంటు. నడుం వంగే నాటికి మిటెన్ బొటనవేలు రేకుని ముద్దుపెట్టుకుంది.

ఠక్.

వెనక ఇరవైమంది ఒక్కసారి ముందుకి తూలారు. ముందున్న ఓ పిల్ల కూలబడితే ఆమె వెనకవాళ్లు పేకముక్కలే. కింది గదిలోని ఆపరేటరు బయటికి రాడు. ముందు మైకు అందుకుంటాడు. "ఎర్రటోపీ బాబు నాన్నగారూ, తాళ్లూ మఫ్లర్లూ లోపలికి దోపుకోవాలని బోర్డులో ఉంది సార్." ఉంది, నిజమే. పద్నాలుగు రూల్సున్న బోర్డులో పదకొండోది. దానికి సరిగ్గా ఎదురుగా, అద్దె స్లెడ్లన్నీ నిలువుగా పేర్చిన చోట. అవి తీసి చదవడానికి పురావస్తు శాఖవాళ్లు రావాలి.

కోటు వేసేటప్పుడే తాడు చేతుల్లో పూర్తిగా దూరిపోయిందో లేదో లాగి చూస్తే చాలు, జుట్టూ మఫ్లరూ కూడా. పైకి చేరగానే ఆగకుండా పక్కకి తప్పుకోవాలి. ఇవన్నీ ఆపరేటరు వాలెక్కి వచ్చి వివరంగా చెప్పాడు, పిల్లాడికి కాదు, వాళ్ల నాన్నకి, నెమ్మదిగా, ఒక్కో మాటా విడగొట్టి.

బెల్టు కదిలింది. ఈలోపు నాలుగేళ్లవాడి బుర్రలో ఒక శాస్త్రసత్యం స్థిరపడింది: ఆ రేకుని తాకితే ప్రపంచం ఆగుతుంది. ఇంకో ట్రిప్పులో మడమతో తాకాడు. ఆగింది. చప్పట్లు కొట్టాడు. మైకు ఈసారి "నాన్నగారూ" అని మాత్రమే అంది, మిగతాది నిట్టూర్పు.

మూడోసారి ఆగినప్పుడు మాత్రం వాడు పదడుగుల అవతల బుద్ధిగా మంచు తింటున్నాడు. రేకు మీదున్నది మఫ్లరు. పెద్దవాళ్ల సైజుది.