ఊరందరికీ ఇంటిపేరైన లిల్లీ గారికి

మహారాజశ్రీ ‘లిల్లీ’ అనే పేరు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, ఏ నర్సరీ గేటు తోసినా, ఏ పూలకొట్టు ముందు నిలబడినా మీరే కదా.

విషయం ఏమిటంటే, మూడేళ్ళ కిందట తణుకు వెళ్ళినప్పుడు మా పిన్ని పెరట్లోంచి ఒక గడ్డ తవ్వి, పాత పేపర్లో చుట్టి నా బ్యాగులో పడేసింది. “ఏం మొక్క పిన్నీ?” అంటే, “లిల్లీ కాకపోతే మరేంటే” అంది. హైదరాబాద్ వచ్చాక మా ఆయన ఆ పొట్లం విప్పి గడ్డని ఉల్లిపాయల బుట్టలో వేశారు. ఆయన్ని అనడానికి లేదు, పైపొరతో సహా అచ్చం ఉల్లిపాయే. మర్నాడు పులుసులోకని నేను కత్తి పెట్టి నెత్తి కోశాను కూడా. కళ్ళు మండలేదు, వాసన రాలేదు, అనుమానమొచ్చి ఆగాను. ఆగకపోతే ఇంటిల్లిపాదికీ వాంతులే, అది విషపు గడ్డట. నెత్తి తెగిన ఆ గడ్డనే కుండీలో పెట్టాను.

రెండేళ్ళు ఆకులు తప్ప ఏమీ లేవు. ఈ ఏప్రిల్లో ఒక బోలు కాడ లేచింది, దాని చివర నాలుగు పువ్వులు, నాలుగు దిక్కులకీ తిరిగిన మైకుల్లా. కుంకుమ ఎరుపు. ప్రతి రేకు మధ్యా సుద్దముక్కతో గీసినట్టు తెల్లచార. వీధిన పోయేవాళ్ళు తలెత్తి చూశారంటే చూడరా మరి! అప్పుడు పట్టుకుంది నాకు పిచ్చి: దీని పేరేమిటి?

పక్క ఫ్లాట్ వదినగారు వచ్చి, “మా దగ్గరా ఉందండీ, లిల్లీ” అన్నారు. వెళ్ళి చూస్తే అది తెల్లగా, సాలీడు కాళ్ళలాంటి సన్నటి రేకులతో ఉంది. పై అంతస్తు ఆయన తన హాల్లో ఏసీ కింద పెంచుకుంటున్న పీస్ లిల్లీని చూపించాడు. గుడి దగ్గర పూలమ్మి అయితే నా ఫోన్లో ఫొటో కూడా చూడలేదు. “లిల్లీ అంటే ఇదమ్మా, మూర ముప్పై” అని నేలసంపెంగ దండ చేతిలో పెట్టింది. నర్సరీ అబ్బాయి, “హాలండ్ లిల్లీ మేడమ్, కొత్త వెరైటీ, గడ్డ రెండొందల యాభై” అన్నాడు. కొత్త వెరైటీ! మా పిన్ని కాపురానికొచ్చినప్పటి నుంచీ ఉందది. పువ్వుల్ని గుర్తుపట్టే యాప్ పొద్దున అమరిల్లిస్ అంది. సాయంత్రం ఎండ తగ్గాక అదే పువ్వుని చూసి లిల్లీ అంది.

ఇంతమందిని అడిగినా అందరి నోటా మీరే. అయినా నా పువ్వు సంగతి నాకొక్క ముక్క అదనంగా తెలియలేదు. ‘ఎవరబ్బాయివిరా’ అంటే ‘మా నాన్న కొడుకుని’ అన్నట్టుంది మీ వ్యవహారం.

సరే, మనమే తేల్చుకుందామని ఒక పువ్వుని బలి ఇచ్చాను. కూరలు కోసే పీట మీద పెట్టి నిలువుగా చీరాను. అసలు లిల్లీకి, అంటే మీ సొంత రక్తానికి, అండాశయం పువ్వు లోపల, రేకుల మొదళ్ళకి పైన ఉంటుంది. నా పువ్వుకి రేకుల కింద, కాడకి అంటుకుని, పచ్చి బఠాణీ అంత ఉబ్బుగా ఉంది. మీవాళ్ళకి కాడ పొడుగునా ఆకులుంటాయి, దీనికి ఆకులన్నీ నేలలోంచే. మీవాళ్ళ గడ్డకి పైన పొర ఉండదు, విడివిడి పొలుసుల ముద్ద. దీనికి ఉల్లిపొర. ఒక్క పోలిక ఉంటే ఒట్టు! ఆరు రేకులు, ఆరు కేసరాలు లెక్క కుదిరాయి, అంతే. ఆ మాత్రానికే ఇంటిపేరు ఇచ్చేస్తారా?

ఇంకో సంగతి చెబితే మీరు నొచ్చుకుంటారేమో. మా డిగ్రీ బోటనీలో ఉల్లి, వెల్లుల్లి, కలబంద అన్నీ మీ లిలియేసి కుటుంబమే, పరీక్షలకి బట్టీపట్టాం. తర్వాత డీఎన్ఏ చూసి ఆ ఉమ్మడి కుటుంబాన్ని విడగొట్టేశారు. ఉల్లి వెళ్ళి అమరిల్లిడేసిలో చేరింది. నా పువ్వు ఉన్నదీ అక్కడే. అంటే మా ఆయన దాన్ని ఉల్లిపాయల బుట్టలో వేయడం శాస్త్రరీత్యా కరెక్టే, బంధువుల ఇంట్లోనే దింపారు. పై అంతస్తు ఆయన పీస్ లిల్లీ అయితే చేమదుంపకి చుట్టం. ఆయనకి చెప్పాను. అప్పటి నుంచి లిఫ్టులో పలకరించడం లేదు.

మీ ఆక్రమణలు ఇంతటితో ఆగాయా? నేలసంపెంగ అని చక్కటి పేరుండగా బజారులో అది మీ పేరునే అమ్ముడవుతోంది. మెక్సికో నుంచి వచ్చిన ఆ మొక్కని ఈమధ్యే శాస్త్రవేత్తలు కిత్తనార జాతిలో కలిపారు, అయినా బోర్డు మారలేదు. అడవినాభిని గ్లోరీ లిల్లీ చేశారు. కలువని వాటర్ లిల్లీ చేశారు. చందమామని మేం కలువలరేడు అనుకున్నాం, ఇక మీ లెక్కన లిల్లీల రాజుగారు అనాలి కాబోలు. పిల్లలకి అన్నం ఎలా తినిపిస్తాం చెప్పండి?

మిమ్మల్ని పక్కనపెట్టి అమరిల్లిస్ అందామంటే అక్కడ ఇంకో దావా. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో పెట్టిన ఆ పేరు దక్షిణాఫ్రికా మొక్కదా, దక్షిణ అమెరికా మొక్కదా అని పెద్దలు దశాబ్దాల పాటు కొట్టుకుని, 1987లో బెర్లిన్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభలో దక్షిణాఫ్రికా వైపు తీర్పు చెప్పారు. మా ఊరి గట్టు తగాదాలు ఇంతకంటే త్వరగా తేలతాయి. కేసు ఓడిపోయిన అమెరికా మొక్కకి, అంటే నా పువ్వుకి, హిప్పియాస్ట్రమ్ అనే పేరే గతి. విలియం హెర్బర్ట్ అనే ఇంగ్లండు మతాచార్యుడు పెట్టిన పేరది, గుర్రపు రౌతు నక్షత్రమని అర్థం. పిన్నికి ఫోన్లో చెబితే, “అదేం రోగమే?” అంది.

జాతి తేలింది కదా, రకం తేలదా అని ఇంకా ముందుకెళ్ళాను. ఇంగ్లండులో ప్రెస్కట్ అనే ఊళ్ళో ఆర్థర్ జాన్సన్ అనే గడియారాల పనివాడు 1799లో రెండు రకాల హిప్పియాస్ట్రమ్‌లని కలిపి వాటిలో మొదటి సంకరాన్ని పుట్టించాడు, అదీ ఎరుపు మీద తెల్లచారే. నా పువ్వూ అదేనని ఒక రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే మినర్వా అనే ఇంకో రకానిదీ ఇంచుమించు అదే వాలకం. అలాంటివి ఇంకెన్నో. మా అబ్బాయి స్కూలు స్కేలు పట్టుకుని రేకుల పొడుగూ వెడల్పూ కొలుస్తుంటే వాడు జాలిగా చూశాడు.

చూసి ఊరుకోలేదు. ఇయర్‌బడ్‌తో ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకోదానికి అంటించాడు. నెల దాటాక కాయ మూడు పక్కలా పగిలింది. లోపల నల్లటి పల్చటి గింజలు, కాలిన కాగితం ముక్కల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఊదితే బాల్కనీ దాటి ఎగిరిపోయాయి. అప్పుడు వెలిగింది. రకం పేరు పిలకతోనే వస్తుంది, గింజతో రాదు. గింజ మొక్క తల్లిలాగే ఉండాలని ఎక్కడా లేదు. వెంటనే పిన్నికి ఫోన్ చేశాను.

“నాకిచ్చింది పిలకేనా పిన్నీ?”

“పిలకెక్కడిదే, గోడవార గింజ రాలి మొలిచినవే అన్నీ.”

అదండీ సంగతి. నేను మూడు నెలలు వెతికిన పేరు అసలు ఎవరూ పెట్టనేలేదు. ఇక నేనే పెట్టి నెదర్లాండ్స్‌లో రిజిస్టర్ చేయించుకోవాలి, హిప్పియాస్ట్రమ్‌ల జాబితా అక్కడి సంఘం దగ్గరుంటుంది. మీ సొంత లిల్లీలది లండన్లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ చూస్తుంది. మీ ఇంట్లో అంత పద్ధతిగా ఉండి, మా వీధిలో ఇలా తిరగడమేమిటండీ?

ఇట్లు,
ఒక ఎర్ర పువ్వు తాలూకు మనిషి

తా.క.: పక్క ఫ్లాట్ వదినగారు పిలక అడిగితే ఇచ్చాను. ఐస్‌క్రీమ్ పుల్ల మీద చెరగని మార్కరుతో ‘హిప్పియాస్ట్రమ్, గింజ మొక్క సంతతి, తణుకు’ అని రాసి మరీ గుచ్చి ఇచ్చాను. నిన్న వెళ్తే ఆ పుల్ల మిరప నారుకి ఊతంగా ఉంది. కుండీ ముందు నిలబడి ఆవిడ వాళ్ళ ఆడపడుచుకి చెబుతున్నారు, “లిల్లీ. ఈవిడే ఇచ్చారు, ఈవిడకి మొక్కల గురించి బాగా తెలుసు.”