ఆల్డెగ్రీవర్ తీగలు ఆసిడ్ పని కాదు

మీ వ్యాసంలో ఆల్డెగ్రీవర్ అనే 16వ శతాబ్దపు జర్మన్ చెక్కుడు కళాకారుడి ఆకుతీగల నమూనాలను, ఆసిడ్‌తో రేకును తినిపించి గీతలు తెచ్చినవి అన్నారు. దయచేసి సరిదిద్దండి. 1530లలో ఆయన చేసిన బాకు ఒరల నమూనాలన్నీ బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టుతో రాగి రేకు మీద నేరుగా చెక్కినవి; ఆ గీతల గాళ్లలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. ఆసిడ్‌కు ఉదాహరణ కావాలంటే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన డేనియల్ హోప్ఫర్ ఉన్నాడు, కవచాల మీద ఆసిడ్‌తో చేసే అలంకరణ పనిని ఇనప రేకుల మీదికి తెచ్చి అచ్చులు తీసినవాడు.

భూతద్దం పెట్టి గీత చివర చూడండి. బ్యూరిన్ గీత వెంట్రుకలా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్లీ మొనదేలుతుంది. ఆసిడ్ గీత చివర మొద్దుగా ఆగిపోతుంది.

ఆకు మెలిక దగ్గర తిరిగేది చెయ్యి కాదు, రేకు. ఇసుక నింపిన తోలుదిండు మీద ఎడమచేత్తో రేకును తిప్పుతుంటే, పిడిని అరచేతిలో ఆనించి కుడిచేత్తో బ్యూరిన్‌ను ముందుకు తోస్తారు. దాన్ని దాదాపు రేకుకు ఆనేలా వాల్చి పట్టాలి. ఎత్తితే మొన దిగబడి విరుగుతుంది, మరీ వాలిస్తే జారి ఆకుల మీదుగా గీత పడుతుంది. అప్పుడు గీకి, రుద్ది నున్నచేసి, పల్లాన్ని వెనకనుంచి సుత్తితో తట్టి లేపాల్సిందే. ఎంత ఓపికో!

గీత అంచున లేచే సన్నటి రాగి పొరను స్క్రేపర్ అనే గీకే పనిముట్టుతో తీసెయ్యకపోతే అక్కడ సిరా పట్టి అచ్చు మసకబారుతుంది. నల్లటి నేపథ్యానికి గీతలు దగ్గరగా వేస్తారు కదా, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతే గుడ్డతో తుడిచేటప్పుడు సిరా కూడా పోయి బూడిదరంగు మచ్చ మిగులుతుంది.

కాగితం తడిపి ఉండాలి, పొడిది గాడిలోకి దిగదు.