మనిషి రొయ్య కావచ్చట, హీరోయిన్ మాత్రం నల్లగా ఉండకూడదట

మొన్న ఆదివారం బెజవాడ పటమటలో మా ఇంట్లో నలుగురం కూర్చుని ‘ద లాబ్‌స్టర్’ చూశాం. 2015లో యోర్గోస్ లాంతిమోస్ తీసిన ప్రేమకథ. ప్రేమకథ అనే అనాలి మరి. జంట లేనివాళ్లను ఒక హోటల్లో పెడతారు. 45 రోజుల్లో తోడు దొరక్కపోతే జంతువుగా మార్చేస్తారు. ఏ జంతువన్నది మన ఇష్టం. హీరో లాబ్‌స్టర్ కావాలంటాడు, అంటే మన రొయ్యకి తాతయ్య వరస.

అయ్యాక నేను ఒక్క మాట అన్నాను. ఇంత వింత లోకం కల్పించారు, ముఖ్య పాత్రల్లో అందరూ తెల్లవాళ్లేనేంటి అని. మా తమ్ముడు లేచాడు. "అక్కా, ఇదేమన్నా నిజం సినిమానా? ఇందులో కూడా ఈ గోలేంటి?"

అక్కడే నాకు మండుతుంది. మామూలు సినిమా అయితే "ఆ ఊళ్లో అలాంటివాళ్లు లేరు" అని తప్పించుకోవచ్చు. మనిషి రొయ్య అయ్యే లోకంలో ఆ సాకు ఎలా చెల్లుతుంది? మన దగ్గరా అంతే. 2012లో ‘ఈగ’లో చచ్చిపోయిన ప్రేమికుడు ఈగై పుట్టి పగ తీర్చుకుంటే ఈలలు వేశాం. ఈగ ప్రేమిస్తే నమ్మాం గానీ, నల్లటి అమ్మాయి హీరోయిన్ అంటే "జనం చూడరండీ" అంటాం. ‘కలర్ ఫొటో’ వచ్చింది కదా అంటారు. వచ్చింది, 2020లో. నాకూ ఇష్టమే, పైగా అందులో హీరో సుహాస్ మన బెజవాడవాడు. కానీ అందులో నలుపు అబ్బాయిది. అమ్మాయి తెల్లగానే ఉంది.

లాబ్‌స్టర్‌కి అన్యాయం చేయను. గడుల గురించి అది బాగా చెప్పింది. హోటల్లో చేరేటప్పుడు ఆడవాళ్లా, మగవాళ్లా, ఎవరు కావాలని అడుగుతారు. ఇద్దరూ ఇష్టమే అని రాసుకునే వీలుందా అంటాడు హీరో. ఇదివరకు ఉండేది, తీసేశాం అంటారు. బూట్లకీ సగం సైజులు లేవు, 44 లేదా 45.

ఆ సీనులో నాకు మూడేళ్ల కిందట గవర్నర్‌పేటలో వెళ్లిన ఒక పెళ్లిళ్ల బ్యూరో కనిపించింది. మా పెదనాన్న కూతురు, అంటే మా అక్క కోసం వెళ్లాం. ఫారంలో రంగు దగ్గర ఎరుపు, తెలుపు, చామనఛాయ. అంతే. (కులం గడి మాత్రం శాఖతో సహా విశాలంగా ఉంది.) అక్క పెన్ను తీసుకుని పక్కన "నలుపు" అని రాసింది. బ్యూరో ఆయన కంగారుపడి, "అలా రాయకండమ్మా, చామనఛాయ పెట్టేద్దాం, ఫొటో సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు.

అక్కకి చిన్నప్పటి నుంచి ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. బ్యాంకులో ఉద్యోగం. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో స్కూటీ నాకంటే బాగా నడుపుతుంది. ఆయన బయటికి తీసిన సంబంధాలు మూడు. ఒకాయనకి పోలియో, ఒకాయనకి యాక్సిడెంట్‌లో కాలు పోయింది, ఇంకొకాయనకి చెవులు వినపడవు. "మీకు అన్నివిధాలా మ్యాచ్ అవుతాయి" అన్నాడు, ఎంతో ఉపకారం చేస్తున్నట్టు. వాళ్లేం చదివారో, దేనికి నవ్వుతారో ఆయనకి తెలీదు. మా అక్క నవలల పిచ్చి గురించి కూడా అడగలేదు. వాళ్ల ముగ్గురికీ మాలాంటి ఫైళ్లే చూపించి ఉంటాడు, పాపం.

సినిమాలో రూలు అచ్చం ఇదే. ఇద్దరికీ ఒకే లక్షణం ఉంటేనే జంట. కాలు ఈడ్చే అతనొకడు, మాటిమాటికీ ముక్కులోంచి రక్తం కారే అమ్మాయిని చేసుకోవడానికి తన ముక్కు తనే బాదుకుని రక్తం తెప్పించుకుంటాడు. సినిమా చదువు చదివినవాళ్లు దీన్ని అధివాస్తవికత అంటారు. మా వీధిలో దీన్ని ఈడూజోడూ కుదరడం అంటారు.

ఆదివారం చూసిన నలుగురిలో అక్క కూడా ఉంది. ముక్కు సీనుకి మేం ముగ్గురం మొహాలు చిట్లించాం. అక్క ఒక్కతే పడీపడీ నవ్వింది.

"మన బ్యూరో ఆయన అక్కడ కూడా బ్రాంచి పెట్టాడే!" అంది.