బీరువా నన్ను తోసింది

గోడకి చెమ్మ పట్టింది. పండక్కి సున్నాలు వేయించాలి. కాబట్టి బీరువా జరపాలి. ఈ మూడు ముక్కలూ మా ఆవిడ ఆదివారం పొద్దున్నే కాఫీతో పాటు నా చేతిలో పెట్టింది.

"ఎంతండీ, రెండడుగులేగా!"

రెండడుగులే. కానీ అది మా పెళ్లికి అత్తవారు పెట్టిన బీరువా. రేకు మందం వేలితో కొట్టి చూసి కొన్న కాలం నాటిది. ఖాళీదే 90 కిలోలుంటుంది. దాని కడుపులో పదహారేళ్ల సంసారం: కట్టే పట్టుచీరలు, కట్టని పట్టుచీరలు, వెండి కుందులు, ఇంటి కాగితాలు, మన గృహప్రవేశానికి ఎవరో ఇస్తే మరెవరి గృహప్రవేశానికైనా పనికొస్తాయని దాచిన గోడ గడియారాలు నాలుగు.

"ముందు ఖాళీ చేద్దామా?" అంది.

"ఎందుకూ! తీసి మళ్లీ సర్దేసరికి పండగ వెళ్లిపోతుంది" అన్నాను గబగబా. అడుగు అరలో ఏముందో తనకి తెలియకూడదు. ఆ సంగతి తర్వాత.

పనమ్మాయి అప్పుడే గదికి తడిగుడ్డ పెట్టి వెళ్లింది. నేను లుంగీ ఎగ్గట్టి, రెండు చేతులూ బీరువా పక్కకి ఆనించి, హైలెస్సా అని ఒక్క తోపు తోశాను.

కదిలింది. బీరువా కాదు, నేను. పాదాలు సుతారంగా వెనక్కి జారిపోతుంటే చేతులు మాత్రం బీరువాని పట్టుకుని వేలాడాయి. మనిషిని నిలువుగా మొదలై ఏటవాలుగా సాగి, చివరికి సాష్టాంగ నమస్కారంలో ఆగాను. పెళ్లిలో కూడా ఆ బీరువాకి ఇంత మర్యాద జరగలేదు.

"అయ్యో, అల్లుడుగారు పడ్డారే!" అని అత్తగారు వంటింట్లోంచి కేకేశారు. వచ్చి చూసి, "బీరువాకేం కాలేదుగా?" అన్నారు.

ఆ సమయానికే పైవాటా కుర్రాడు కరివేపాకు కోసం దిగాడు. ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. ఆ వయసు వాళ్లకి ప్రపంచంలో మనుషులుండరు, లెక్కలుంటాయి.

"అంకుల్, మీరు బీరువాని ఎంత బలంతో తోశారో అది కూడా మిమ్మల్ని అంతే బలంతో తోసింది. న్యూటన్ మూడో సూత్రం."

"అంటే ఇద్దరం సమానమేగా! మరి నేనొక్కడినే ఎందుకు పడ్డాను?"

"ఆ రెండు బలాలూ ఒకదానిమీదే పనిచేయవు కదా అంకుల్. ఒకటి బీరువా మీద, ఇంకోటి మీ మీద. ఆ తర్వాత ఎవరి కాళ్లని నేల ఎంత గట్టిగా పట్టుకుంటే వాళ్లు నిలబడతారు. మీ బరువెంత?"

"62."

వాడు పాత క్యాలెండరు వెనక లెక్క వేశాడు. బీరువా, సామానుతో కలిపి 150 కిలోలు. ఘర్షణ గుణకం, అంటే నేల పట్టు ఎంతో చెప్పే అంకె, ఉరామరిగా 0.4 అనుకుంటే, దాన్ని కదపడానికి దాదాపు 590 న్యూటన్లు కావాలి. ఒక న్యూటన్ అంటే మోస్తరు జామకాయ బరువు అనుకోండి, ఓ వంద గ్రాములు. పొడి నేల మీద నా పాదాలు జారకుండా ఓర్చుకోగలిగింది మహా అయితే 365. తడి నేల మీద 120. అంటే 590 జామకాయల పనికి నేను 120 జామకాయలతో బయల్దేరానన్నమాట. ఇదంతా వాడు మా ఆవిడ ముందే చదివి వినిపించాడు.

నాకు పౌరుషం వచ్చింది. నాలుగు కాళ్లు నేలని పట్టుకుంటేనే కదా ఈ గొడవ, రెండు కాళ్ల మీద నిలబెడితే పట్టు సగానికి తగ్గదా? బీరువాని కాస్త ఒరగదీశాను. లోపల గడియారాలు నాలుగూ ఒకేసారి టంగుమన్నాయి. కాళ్లు రెండు తగ్గాయి గానీ మొండితనం వీసమెత్తు తగ్గలేదు.

"తగ్గదు అంకుల్. ఆనే చోటు పెరిగినా తగ్గినా ఘర్షణ మారదు. ఆమొంటన్స్ 1699లోనే చెప్పాడు."

ఈ ఆమొంటన్స్ ఫ్రెంచివాడు. ఆయన సంగతి నేను తర్వాత చదివాను. చిన్నతనంలోనే చెవుడు వచ్చిందట పాపం. పాపం అని అలవాటు కొద్దీ అన్నాను గానీ, బరువులు జరిపేటప్పుడు వెనకనుంచి వచ్చే సలహాలు వినపడకపోతే ఎవరైనా ఏదో ఒకటి కనిపెడతారు. ఇదే సంగతి ఆయనకి రెండు వందల ఏళ్ల ముందే లియొనార్డో డావిన్సీ నోటు పుస్తకంలో రాసుకుని ఊరుకున్నాడు. ఆయన చేత ఎవరూ బీరువా జరిపించలేదు కాబోలు.

కూలుం అనే మరో ఫ్రెంచాయన 1785లో ఇంకో మాట చెప్పాడు. ఒక వస్తువు ఒకచోట ఎంతసేపు కూర్చుంటే, కదపడం అంత కష్టమవుతుందని. ఈ ముక్క అర్థం చేసుకోవడానికి నాకు ప్రయోగశాల అక్కర్లేదు. నాలుగు రోజులుండి వెళ్తానని మూడేళ్ల కిందట వచ్చిన అత్తగారు అదే మంచమ్మీద కూర్చుని, "నడుం వంచి తొయ్యండి నాయనా" అంటున్నారు.

గొడవకి పనమ్మాయి చీపురుతో సహా వచ్చింది. క్యాలెండరు వైపు చూడలేదు. నేల చూసింది, నా కాళ్లు చూసింది.

"తడి మీ కాళ్ల కింద ఉంటే ఏం లాభం సారూ? దాని కాళ్ల కింద ఉండాల."

కుర్రాడి పెన్ను ఆగిపోయింది.

పెరట్లోంచి పాత గోనెసంచి తెచ్చి, బకెట్లో ముంచి పిండింది. మేమిద్దరం బీరువాని ఒకవైపు ఒరగదీస్తే కాళ్ల కిందకి సంచి తోసింది, తర్వాత రెండోవైపు. నా కింద నేలని మాత్రం పొడిగుడ్డతో తుడిచి, "మీ చెప్పులేసుకోండి" అంది. ఇంట్లో చెప్పులా అని అత్తగారు ఆక్షేపించారు గానీ ఆ పూటకి శాస్త్రం నావైపు ఉంది. "పైన కాదు సారూ, నడుం కిందకి పట్టి తొయ్యాల, లేకపోతే మీద పడతది" అని నా చేతులు దించింది.

తోశాం. ఒక్క క్షణం బిగిసింది, మరుక్షణం జర్రుమంది. కదలనంతసేపూ కదలదు గానీ, ఒకసారి కదిలాక దాన్ని పట్టడం కష్టం. నా ఒంట్లో 590 జామకాయలకని కూడదీసుకున్న ఊపు మిగిలిపోయింది. రెండడుగులనుకున్నది నాలుగడుగులు వెళ్లి కిటికీ గోడకి ధన్ మని ఆగింది.

బీరువా ఆగింది. లోపలి సామాను ఆగలేదు. దాన్ని ఆపిందెవరు గనక! అడుగు అర తలుపు తనంతట తానే తెరుచుకుంది. అందులోంచి గుండ్రంగా, నల్లగా, కొత్తగా మెరుస్తూ రెండు డంబెల్స్, ఒక్కోటి 10 కిలోలు, బయటికొచ్చాయి. ఒకటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. రెండోది తడి టైల్స్ మీద ఏ తొందరా లేకుండా, ఎవరూ తొయ్యకుండా, తిన్నగా దొర్లుకుంటూ వచ్చి నా ఎడమకాలి బొటనవేలి దగ్గర ఆగింది.

కుర్రాడు క్యాలెండరు మీద 150 కొట్టేసి 170 రాస్తున్నాడు.

"ఏమండీ," అంది మా ఆవిడ, "ఇవి మీ ఆఫీసులో ఎవరికో అమ్మేశానన్నారు కదూ?"