ఊపిరితిత్తుల పొర నిలిచేది స్వచ్ఛతతోనా, సహవాసంతోనా? (వాదోపవాదం)

ఊపిరితిత్తుల్లోని గాలి బుడగల్లాంటి వాయుకోశాల లోపలి తడి మీద ఫాస్ఫోలిపిడ్లు (నీటిని ఇష్టపడే తల, నీటికి దూరమయ్యే రెండు తోకలు ఉన్న కొవ్వు అణువులు) ఒకే అణువు మందాన పొరగా పరుచుకొని ఉంటాయి. ఆ పొరను కూర్చే సర్ఫాక్టెంట్ అనే పదార్థంలో దాదాపు 40 శాతం డీపీపీసీ అనే ఒక్క ఫాస్ఫోలిపిడే. మిగిలిన అణువులు ఆ పొరకు బలమా, బలహీనతా అన్నదే ఇక్కడి వాదం. ఒక పక్షం ఉపరితల రసాయనం బోధించిన మాస్టారు. రెండో పక్షం నెలలు నిండని శిశువులకు వైద్యం చేసే డాక్టరు.

మాస్టారు: ముందు తొట్టెలో కనిపించేది చెబుతానమ్మా. టెఫ్లాన్ తొట్టెలో నీళ్లు నింపి, క్లోరోఫామ్‌లో కరిగించిన డీపీపీసీని సూదితో బొట్టు బొట్టుగా నీటి మీద వదులుతాం. క్లోరోఫామ్ ఆవిరైపోయాక తలలు నీటిలో, తోకలు గాలిలో పెట్టుకొని అణువులు మిగులుతాయి. అడ్డుపట్టీని మెల్లగా జరుపుతూ పొరను నొక్కితే, వంకరలేని ఆ తోకలు ఒకదానికొకటి ఒరుసుకొని బిగుస్తాయి. మీటరుకు 70 మిల్లీన్యూటన్లున్న నీటి తలతన్యత (నీటి ఉపరితలాన్ని ముడుచుకునేలా లాగే బలం) దాదాపు సున్నాకు దిగుతుంది. డీపీపీసీ మెత్తబడే వేడిమి 41 డిగ్రీలు కనుక, ఒంటి వేడిమిలోనూ ఆ బిగువు సడలదు. వంకర తోకల ఫాస్ఫోలిపిడ్లు అందులో ఎక్కువగా కలిస్తే, అంత దాకా నొక్కకముందే పొర కూలిపోతుంది. 100 మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న గాలి బుడగను వట్టి నీటి తలతన్యతకు ఎదురుగా తెరిచి ఉంచాలంటే దాదాపు 14 సెంటీమీటర్ల నీటి పీడనం కావాలి. ఆ భారాన్ని తప్పించేది డీపీపీసీయే.

డాక్టరు: ఆ భారం ఎంతటిదో మాకు తెలుసు మాస్టారూ. నెలలు నిండని శిశువులకు ఊపిరాడనివ్వని హయలిన్ మెంబ్రేన్ వ్యాధితో చనిపోయిన శిశువుల ఊపిరితిత్తుల్లో తలతన్యత తగ్గడం లేదని మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ 1959లోనే చూపారు. అయితే నొక్కినప్పుడు నిలబడటం ఒక్కటే నిలకడ అంటే నేను ఒప్పుకోను. శిశువు నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది, ప్రతిసారీ పొర ముడుచుకొని మళ్లీ పరుచుకోవాలి. మీరు డీపీపీసీని క్లోరోఫామ్‌తో నీటి మీదికి తెచ్చారు. శిశువు ఊపిరితిత్తిలో అది నీటిలోంచే పైకి రావాలి, ఒంటరిగా వదిలితే ఆ రావడం మహా నెమ్మది. దాన్ని వేగంగా పైకి చేర్చేది ఎస్‌పీ-బీ అనే చిన్న ప్రోటీన్. అది తయారుకాని శిశువులు నెలలు నిండి పుట్టినా ఊపిరాడక చనిపోయారని 1993లో తేలింది.

మాస్టారు: తోడు కావాలనే కదా ఎక్సోసర్ఫ్ అనే కృత్రిమ సర్ఫాక్టెంట్ మందులో డీపీపీసీకి హెక్సాడెకనాల్‌నూ, టైలోక్సపాల్ అనే డిటర్జెంటునూ జత చేశారు? అమెరికాలో దానికి 1990లో అనుమతి వచ్చింది. తరువాత పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసిన మందులతో పోల్చి చూస్తే, వాటితోనే ఊపిరితిత్తి చిల్లులు పడటమూ, మరణాలూ తక్కువగా కనిపించాయి. డిటర్జెంటు గుణమే అది. నీటిలోనూ కరుగుతుంది, పొరలోనూ దూరుతుంది. అణువుల మధ్య చొరబడి బిగువు చెడగొడుతుంది. మోతాదు మించితే పక్కనున్న ఫాస్ఫోలిపిడ్లను కూడా మూటగట్టి నీటిలోకి లాక్కుపోతుంది.

ఈ వాదంలో నా మొగ్గు డాక్టరు వైపే. అయినా ఈ ఎక్సోసర్ఫ్ మాటకు జవాబు చెప్పకుండా ఆమె ముందుకు పోలేరు.

డాక్టరు: మీరు చెప్పిన ఆ మందులు గెలిచింది ఎందుకు మాస్టారూ? వాటిలో ఎస్‌పీ-బీ, దాని తోటి ప్రోటీన్ ఎస్‌పీ-సీ ఉన్నాయి కనుక. అంటే తోడు చెడ్డది కాదు, ఆ తోడు చెడ్డది. ఎస్‌పీ-బీ పని ముగిశాక పొరను కరిగించుకుపోదు. కింద నిలవ ఉన్న పొరలను పైపొరకు అతికించి ఉంచుతుంది. డిటర్జెంటు హాని నాకూ తెలుసు. ఊపిరితిత్తి వాచినప్పుడు ఫాస్ఫోలిపేజ్ అనే ఎంజైమ్ ఫాస్ఫోలిపిడ్ రెండు తోకల్లో ఒకటి కత్తిరిస్తుంది. మిగిలిన లైసోలెసిథిన్ అచ్చంగా డిటర్జెంటే. మన పొరే మనకు ఎదురు తిరుగుతుందన్నమాట.

మాస్టారు: కొలెస్టరాల్ సంగతి?

డాక్టరు: కొద్దిగా ఉంటే పొర సులువుగా పరుచుకుంటుంది, 20 శాతానికి చేరితే తలతన్యత కిందికి దిగదు. ఆస్ట్రేలియాలోని లావుతోక డన్నార్ట్ అనే చిట్టి జంతువు ఒళ్లు చల్లబరచుకొని నిద్రలోకి జారినప్పుడు తన సర్ఫాక్టెంట్‌లో కొలెస్టరాల్ పెంచుకుంటుంది. కనుక ఎంత కలపాలన్నది వేడిమిని బట్టి ఉంటుంది.

మాస్టారు: సరే, అంతవరకు ఒప్పుకుంటాను. మరి రక్తంలోంచి కారే ఆల్బుమిన్ అనే ప్రోటీన్? దానిలో ఏ మేలూ లేదు కదా.

డాక్టరు: లేదు. అది ముందుగా ఉపరితలాన్ని ఆక్రమిస్తే ఫాస్ఫోలిపిడ్లకు చోటు దొరకదు, పైగా దాన్ని ఎంత నొక్కినా తలతన్యత సున్నా దగ్గరకు రాదు. బిగువైన ఫాస్ఫోలిపిడ్ పొర ముందే పరుచుకొని ఉంటే మాత్రం ఆల్బుమిన్ అందులోకి చొరబడలేదు. అందుకే శిశువు శ్వాసనాళంలో గొట్టం వేశాక మందు ఇవ్వడానికి మేం గంటలు గడవనివ్వం.

మాస్టారు: అయితే ఈసారి తొట్టెను 37 డిగ్రీల్లో పెడతానమ్మా. క్లోరోఫామ్ లేకుండా, ఒకసారి ఆల్బుమిన్ ముందు, మీ మందు తరువాత. ఇంకోసారి మందు ముందు, ఆల్బుమిన్ తరువాత. రెండుసార్లూ అడ్డుపట్టీ జరిపేది మీరే.