పచ్చ అంటే ఏ పచ్చ?

పురుగు మందు డబ్బా మీద ఉండే గుర్తును ఎప్పుడైనా నిదానంగా చూశారా? ఒక చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి, మధ్యలో అడ్డంగా గీత గీసి రెండు త్రికోణాలు చేశారు. పై త్రికోణంలో హెచ్చరిక, కింది త్రికోణంలో రంగు. ఎరుపు అయితే అత్యంత విషపూరితం, పసుపు అయితే దాని తర్వాతిది, నీలం ఒక మోస్తరు, ఆకుపచ్చ అన్నింటికన్నా తక్కువ. 1971 నాటి కీటకనాశినుల నిబంధనలు చెప్పిన పద్ధతి ఇది. అర్ధ శతాబ్దం దాటింది. దీని మీద నాకు ఉన్న కోపం మాత్రం పోయిన ఏడాది ఖమ్మం జిల్లాలో మా బాబాయి మిరప చేను గట్టు మీద పుట్టింది.

బొమ్మలు, పటాలు గీయడం నా వృత్తి. ఏదో కరపత్రం పనికి ఈ గుర్తు కావలసి వచ్చి, బాబాయిని మాటవరసకు అడిగాను: "ఈ రెండు డబ్బాల్లో ఏది ఎక్కువ ప్రమాదం బాబాయ్?" ఆయన నింపాదిగా, "పచ్చ గుర్తుది ఫరవాలేదమ్మా, షాపాయన చెప్పాడు" అన్నారు. ఆయన చేతిలో ఉన్నది పసుపు త్రికోణం.

తప్పు బాబాయిది కాదు. పచ్చ అంటే ఏ పచ్చ? పచ్చగడ్డి పచ్చా, పచ్చకామెర్ల పచ్చా? మన భాషలో ఒకే మాట రెండు రంగులకూ నడుస్తుంది. అంటే విషంలో రెండో స్థానంలో ఉన్నదానికీ, చిట్టచివర ఉన్నదానికీ తెలుగు రైతు నోట ఒకే పేరు. పైగా మనకు పసుపు శుభం. గడపకు రాస్తాం, పెళ్లిపిలుపు అంచులకు పూస్తాం. ఆకుపచ్చ సంగతి చెప్పనే అక్కర్లేదు: సిగ్నల్ దగ్గర వెళ్లమంటుంది, బిస్కెట్ ప్యాకెట్ మీద శాకాహారం అంటుంది. విషం డబ్బా మీద మాత్రం అది "కొంచెం విషం" అని చెప్పాలట. అసలు మనం ఆ విషాన్నే మందు అంటాం కదా, ఇంకేం మిగిలింది!

ఇక నీలం. ప్రమాదానికి సంబంధించిన ఏ వరసలో నీలాన్ని చూశాం? ఇంద్రధనుస్సులో కూడా ఆకుపచ్చ తర్వాతే నీలం వస్తుంది, ఇక్కడ ముందు వచ్చింది. రంగులను వేరు చేసి గుర్తుపట్టగలం కానీ, ఏది పెద్ద ఏది చిన్న అని రంగు దానంతట అది చెప్పదు. ఒకే రంగును ముదురు నుంచి లేతకు తెస్తే కంటికి వరస తెలుస్తుంది. నాలుగు వేర్వేరు రంగులు ఇస్తే బట్టీ పట్టాల్సిందే. 1951-52 ఎన్నికల్లో పార్టీ గుర్తులు బ్యాలెట్ పెట్టెల మీద అతికించినప్పుడు చదువు రాని కోట్ల మంది ఓటు వేయగలిగారంటే, అక్కడ గుర్తుపడితే చాలు కాబట్టి. ఎద్దుల జత పెద్దదా, గుడిసె పెద్దదా అని ఎవరూ అడగలేదు.

ఎర్ర త్రికోణం పైన మాత్రం పుర్రె ఉంటుంది. పసుపు దాని మీద విషం అన్న మాటే తప్ప పుర్రె లేదు. చదవడం రాని మనిషికి రెండో మెట్టు దగ్గరే హెచ్చరిక ఆగిపోయిందన్నమాట. ఎరుపు దగ్గర కూడా చిక్కే. బాబాయి పక్క చేను రైతు ఒకాయన, "ఎర్ర గుర్తంటే ఘాటు, పురుగు ఒక్క దెబ్బకు పోతుంది" అని మెచ్చుకున్నారు. భయపెట్టాల్సిన రంగు ఆయనకు నాణ్యత ముద్రలా కనిపించింది.

డిజైన్ పాఠాల్లో లండన్ మెట్రో పటం గురించి చెప్పని గురువు ఉండడు. సిగ్నల్స్ విభాగంలో డ్రాయింగులు గీసే హ్యారీ బెక్ 1931లో ఆ పటం గీస్తే అధికారులు మొదట వద్దన్నారు. తర్వాత కొన్ని వందల కాపీలు స్టేషన్లలో పెట్టి చూసి, 1933లో అందరికీ అచ్చువేశారు. దాని అట్ట మీద, పాత పటానికి ఇది కొత్త రూపం, మీ అభిప్రాయం చెప్పండి అని ప్రయాణికులను అడిగారు. మా తరగతుల్లో నలభై అయిదు డిగ్రీల గీతల అందం గురించి గంట సేపు చెప్పారు, ఈ అడగడం గురించి ఒక్క నిమిషం కూడా చెప్పలేదు. మందు డబ్బా గీతలు కూడా నలభై అయిదు డిగ్రీలే. స్ప్రేయర్ వీపున మోసే మనిషిని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

నేనేదో పొడిచేశానని చెప్పడం లేదు. ఈ గుర్తును అందరికీ అర్థమయ్యేలా కార్డు మీద మార్చి గీద్దామనుకున్న నా మొదటి ప్రయోగం ఘోరంగా తప్పింది. రంగులు తీసేసి పుర్రెల లెక్క పెట్టాను: ఎరుపుకు నాలుగు, ఆకుపచ్చకు ఒకటి. వరస అందరికీ ఇట్టే తెలిసింది. నేను మురిసిపోతుంటే, మిరపకాయ కోతకు వచ్చిన ఒక అక్క కార్డు వెనక్కి ఇచ్చేసి, "ఒక పుర్రె ఉన్నా చావే కదమ్మా. అయితే పనికి రావద్దంటావా? కూలి ఎవరిస్తారు?" అన్నారు.

అప్పుడు సిగ్గేసింది. ఏ డబ్బా కొనాలో, ఏది కొట్టాలో ఆమె చేతిలో లేదు. నిన్న ఎవరో కొట్టి వెళ్లిన చేలో ఈరోజు ఒట్టి చేతులతో కాయ కోయాలి. ఆమెకు కావలసినది విషంలో ఎన్నో ర్యాంకు అన్నది కాదు, చేలో ఎప్పుడు అడుగు పెట్టవచ్చు, ఎప్పుడు కాయ తెంపవచ్చు అన్నది. పైగా ఆ రంగు చెప్పేది కూడా ఒక్కసారిగా నోట్లోకో చర్మం మీదికో పోతే ఎంత విషమన్న లెక్కే. ఏళ్ల తరబడి రోజూ కొంచెం కొంచెం ఒంటికి తగిలేదాని గురించి ఆ త్రికోణానికి తెలియదు. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బాతో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది నిజమే. దాన్ని ఎన్నో మడతలు విప్పి, చీమ తలకాయలంత అక్షరాల్లో వెతుక్కోవాలి. అది కూడా డబ్బా కొన్నవాళ్ల దగ్గరే ఉంటుంది, కోసేవాళ్ల దగ్గర కాదు.

రెండోసారి సూర్యుళ్లు గీశాను. మూడు రోజులు ఆగాలంటే ముగ్గురు సూర్యులు, తర్వాత కాయ ఉన్న బుట్ట. ఇది బాగుందన్నారు. అంతలో ఒక పిల్ల, "మబ్బు పట్టిన రోజు లెక్కలోకి రాదా?" అని అడిగింది. నవ్వకండి, బొమ్మలో సూర్యుడు వెలుగుతున్నాడు మరి. పొద్దున కొడితే ఆ రోజును కలపాలా వద్దా అన్న తగువు కూడా వచ్చింది. అక్కే తేల్చారు: "నిద్రలు లెక్కపెట్టు. మూడు నిద్రలు అంటే మూడు నిద్రలే." పుట్టింటికి వెళ్లినా, గుడిలో మొక్కు తీర్చుకున్నా మన లెక్క నిద్రల్లోనే కదా. సూర్యుళ్లను చెరిపి మంచాలు గీశాను.

ఆ కార్డు ఇప్పుడు బాబాయి మోటారు గది తలుపు మీద ఉంది. మందు కొట్టిన రోజు దాని పక్కన సుద్దతో తేదీ వేస్తున్నారు. మొన్న వెళ్లి చూస్తే రెండో మంచం మీద ఎవరో పెన్నుతో పిల్లిని పడుకోబెట్టారు. అక్కడికి రెండు అడుగుల దూరంలో, మేకుకు వేలాడుతున్న సంచిలో, పసుపు త్రికోణం డబ్బా. బాబాయి ఇప్పటికీ దాన్ని పచ్చ డబ్బా అనే అంటున్నారు.