రాజుగారి ముఖానికి సబ్బు

‘ఇచ్చట ప్రకటనలు అతికించరాదు’ అని గోడ నిండా రాయించే యజమానికి ఒక్క సంగతి తట్టదు. ఆ గోడను పాడుచేసిన మొదటి రాత తనదే. నాణేల మీద వ్యాపార ప్రకటనలు వేసేవారిపై ప్రభుత్వాలు కన్నెర్ర చేసినప్పుడల్లా నాకు ఆ గోడే గుర్తుకొస్తుంది. అయినా ఈ వ్యాసంలో నేను ప్రభుత్వాల పక్షమే. చట్టాన్ని గౌరవించేవాణ్ణి; పైగా నా జేబులో చిల్లర మీద ఉన్న ముద్ర వారిదే.

2007లో అమెరికాలో ఒక హాలీవుడ్ సంస్థ కొత్త సినిమా ప్రచారం కోసం 40 వేల కాలిఫోర్నియా క్వార్టర్లు (ఆ రాష్ట్రం పేరిట వేసిన పావు డాలరు నాణేలు) తీసుకుని, వాటి మీద ఆ సినిమాలోని పాత్రకు రంగుల బొమ్మ వేయించి జనంలోకి వదిలింది. ఆ నాణెం మీద అప్పటికే ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ యోసెమిటీ కొండను చూస్తూ ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. పిలవని పేరంటంగా ఈ కొత్త అతిథి దిగాడు. ఇది చట్టవిరుద్ధమని టంకశాల వారు వెంటనే హెచ్చరించారు.

అక్కడి చట్టం ముచ్చటైనది. నాణేన్ని యంత్రంలో పెట్టి, రేకులా సాగేదాకా నలిపి, దాని మీద ఏదో పర్యాటక స్థలం బొమ్మ అచ్చొత్తించుకుని ఇంటికి తీసుకుపోయినా, మోసం చేసే ఉద్దేశం లేకపోతే నేరం కాదు. అదే నాణేనికి ఒక వ్యాపార ప్రకటన అంటిస్తే నేరం. చంపితే తప్పు లేదు, బొట్టు పెడితేనే తప్పు.

ఇందులో వింత ఏమీ లేదని నా మనవి. ఆ స్థలం ఖాళీగా ఉన్నదెప్పుడు? క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ బతికుండగానే రోము నాణేల మీదికి ఎక్కాడు. రోములో బతికున్న మనిషికి అంతకుముందు దక్కని మర్యాద అది. ఆ మార్చి నెలలోనే అతన్ని పొడిచి చంపారు. రాచరికపు పోకడలు భరించలేక కత్తి పట్టిన బ్రూటస్ ఆ తర్వాత తానూ నాణేలు కొట్టించాడు. ఒకవైపు రెండు బాకులు, హత్య జరిగిన తేదీ. రెండోవైపు ఎవరి ముఖం ఉందో వేరే చెప్పాలా? ఆశయం ఎంత గొప్పదైనా, గుండ్రటి స్థలం ఖాళీగా కనిపిస్తే మనసు ఆగదు.

ఒకరి నాణెం మీద తమ ముద్ర కొట్టుకోవడం కూడా వ్యాపారులు కనిపెట్టిన విద్య కాదు. 1797లో వెండి నాణేలకు కరువొచ్చినప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన దగ్గరున్న స్పానిష్ డాలర్లు బయటికి తీసింది. స్పెయిన్ రాజు మెడ మీద తమ మూడో జార్జి తలను బఠాణీ గింజంత ముద్రగా కొట్టి చలామణిలో పెట్టింది. గాడిద మెడ మీద మూర్ఖుడి తల పెట్టారని జనం పాట కట్టారు. 1813లో ఆస్ట్రేలియాలోని బ్రిటిష్ వలస న్యూ సౌత్ వేల్స్ గవర్నరు మాక్వారీ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 40 వేల స్పానిష్ డాలర్లకు నడుమ కన్నం పొడిపించి, చుట్టూ మిగిలిన వలయం ఒక నాణెం, ఊడిపడిన బిళ్ల ఇంకో నాణెం అన్నాడు. ఈ పని ఎవరికి అప్పగించాడనుకున్నారు? దొంగ నాణేల కేసులో శిక్షపడి ఓడెక్కి వచ్చిన విలియం హెన్షల్‌కు. అనుభవం ఉన్నవాణ్ణే పెట్టుకోవాలి కదా. సినిమా వారివీ 40 వేలే, మాక్వారీవీ 40 వేలే. ఒకటి నేరం, మరొకటి ఆర్థిక విధానం.

ఇక సబ్బు సంగతి. బ్రిటిష్ నాణేల మీద పేర్లు, మాటలు కొట్టడాన్ని 1853లోనే నిషేధించారు. పియర్స్ సబ్బు అమ్మే థామస్ బారట్ చట్టాన్ని శ్రద్ధగా చదివినవాడు. బ్రిటిష్ నాణేల జోలికి పోలేదు. పెన్నీ పరిమాణంలోనే ఉండి, పెన్నీగానే చేతులు మారుతున్న ఫ్రెంచి 10 సెంటీమ్ నాణేలను 1880లలో రెండున్నర లక్షలు తెప్పించి, వాటి మీద సబ్బు పేరు కొట్టించి వదిలాడు. వాటి మీద ఉన్నది ఎవరు? రాజ్యం పోగొట్టుకుని, ఇంగ్లండులోనే 1873లో కన్నుమూసిన ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్. చచ్చి స్వర్గాన ఉన్నవాడికి కూలి లేని సబ్బు కొలువు! చివరికి ప్రభుత్వం 1887 నాటికి విదేశీ కంచు నాణేల దిగుమతినే నిషేధించింది. సబ్బు మాత్రం నేటికీ అమ్ముడవుతోంది.

ఈ చట్టాలలో నేను మరీ మెచ్చుకునే భాగం ఒకటుంది. 1861 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం ముద్ర కొట్టిన నాణెం చెల్లదు. దాన్ని ఇవ్వజూపినవారికి 40 షిల్లింగుల దాకా జరిమానా. ముద్ర కొట్టినవాడు దొరికితే శిక్ష వేరే ఉందనుకోండి. కానీ అతను ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? సంచిలో ఆ నాణెం ఉన్నవాడు మాత్రం ఎదురుగానే నిలబడి ఉంటాడు. చిల్లర పుచ్చుకునేటప్పుడే బొమ్మా బొరుసూ చూసుకోవలసింది.

అసలు ఎవరు చూస్తారు? 1979లో ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ దేశపు పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, మీద ఏమేమి ఉంటాయో గుర్తు తెచ్చుకుని గీయమని అడిగితే, రోజూ వాడేవారే తడబడ్డారు. రాజులు, అధ్యక్షులు ఇంత ఖర్చు పెట్టి వేయించుకున్న ముఖాలను జనం చూడనే చూడరన్నమాట. పక్కన ఎవరైనా ఏదైనా అంటిస్తే తప్ప.

ఇది బాగా తెలిసినవారు ఇంగ్లండులో ఓటు హక్కు కోసం పోరాడిన మహిళలు. ఏడో ఎడ్వర్డు తల మీదుగా ‘మహిళలకు ఓటు’ అన్న మాటలను ఒక్కో అక్షరంగా సుత్తితో దిగగొట్టారు. అలాంటి 1903 నాటి పెన్నీ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. చట్టం ప్రకారం చెల్లని కాసు. అయినా రాజుగారి సొమ్ము కనుక భద్రంగా దాచారు. దాని అద్దం మీద మాత్రం ఎవరూ ఏమీ అతికించరాదు.